సంజాయిషీ ఇవ్వని తేనెటీగలు

ముందే చెబుతున్నాను, నేను తేనెటీగలకు వ్యతిరేకిని కాను. చిన్నప్పుడు దగ్గొస్తే మా అవ్వ మిరియాల పొడిలో కలిపి నాకించింది వాటి కష్టార్జితమే. ఆ రుణం ఉంది. అయినా దేశానికి సంబంధించిన విషయం కాబట్టి మొహమాటం పక్కన పెట్టి అడుగుతున్నాను. జన్యుమార్పిడి పంటల మీద, పురుగుమందుల మీద ఇన్నేళ్లుగా ఇంత రచ్చ జరుగుతోంది. ఆ రచ్చలో ప్రతివాడూ తేనెటీగ పేరే చెబుతున్నాడు. ఆ తేనెటీగ మాత్రం ఇంతవరకు నోరు విప్పదేం?

అవకాశం ఇవ్వలేదనడానికి లేదు. 2010 మొదట్లో, పురుగును చంపే జన్యువు పెట్టిన బీటీ వంకాయ మీద అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. రైతులు వచ్చారు, శాస్త్రవేత్తలు వచ్చారు, కంపెనీల వాళ్లు వచ్చారు. మైకు దొరికినవాళ్లు మాట్లాడారు, దొరకనివాళ్లు అరిచారు. తేనెటీగ రాలేదు. నిజానికి దాన్ని పిలవాల్సిన పని కూడా లేదని తర్వాత తెలిసింది. వంగ పువ్వులో పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల లోపల దాక్కుని ఉంటుంది, చివర చిన్న రంధ్రం. పువ్వును పట్టుకుని జుమ్మని ఊపితే తప్ప సరిగా రాలదు. ఆ విద్య తుమ్మెదకు వచ్చు, తేనెటీగకు రాదు. ప్రబంధ కవులు వందల ఏళ్లు తుమ్మెదల వెంట పడ్డారు గానీ, ఇంత పెద్ద విచారణలో తుమ్మెద తరఫున గట్టిగా మాట్లాడినవాళ్లు నా చెవిన పడలేదు.

2010 ఫిబ్రవరి 9న బీటీ వంకాయను ఆపేశారు. ఇప్పటికీ ఆగే ఉంది. అదే ఏడాది ఇంకో ముఖ్యమైన సంస్కరణ జరిగింది. అంతవరకు ఈ పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ పేరు జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ. ఆమోదించాలా వద్దా అని తేల్చాల్సిన కమిటీకి ఆమోద కమిటీ అని పేరు పెట్టడమంటే పెళ్లిచూపులకు పోతూ శుభలేఖలు సంచిలో వేసుకుపోవడమే. అందుకని మదింపు కమిటీ అని మార్చారు. శుభలేఖల సంచి ఏమైందో ఎవరూ చెప్పలేదు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి ఆవాల సంగతి చెప్పాలి. ఆవాల గొడవ ఉత్తరాది వాళ్లది, మనకెందుకు అనుకోకండి. వాళ్లు నూనె తీసి కాచుకుంటారు. మనం ఆవపిండిని పచ్చిగా మామిడికాయ ముక్కలకు పట్టించి ఏడాది పొడుగునా తింటాం. ఆవగింజలో ఏం జరిగినా మొదట తెలియాల్సింది మన నాలుకకే.

ఆవ పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. చాలావరకు ఇంట్లోనే సంబంధం కలుపుకుంటాయి, మేనరికం కన్నా దగ్గర. హైబ్రిడ్ కావాలంటే బయటి సంబంధం చేయాలి. అంత చిన్న పువ్వులో మగ భాగాన్ని ఒక్కొక్కటిగా గిల్లి పారేయడం మనిషి వల్ల కాదు. అందుకని ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి రెండు జన్యువులు తెచ్చింది. బార్నేజ్ అనేది ఒక వంశంలో పుప్పొడి తయారు కాకుండా చేస్తుంది. బార్‌స్టార్ అనేది వాళ్ల సంతానానికి ఆ శాపం తగలకుండా విమోచనం ఇస్తుంది. మన పురాణాలకు అలవాటైన పద్ధతే. ఆ సంతానం పేరు డీఎంహెచ్-11.

ఇక్కడే అసలు చిక్కు. పుప్పొడి లేని ఆడ మొక్కల వరుసకు పక్క వరుస నుంచి పుప్పొడి ఎవరు తేవాలి? కొంత గాలి తెస్తుంది. మిగతాది పెళ్లిళ్ల పేరయ్య చేయాలి, అంటే తేనెటీగ. ఇంత అవసరమైన పేరయ్య కదా, ఈ కొత్త పంట ఆయన ఒంటికి పడుతుందో లేదో ముందు చూసి ఉంటారని మీరనుకుంటారు. 2022 అక్టోబరులో కమిటీ ఈ ఆవాలను పర్యావరణంలోకి వదలొచ్చని సిఫార్సు చేస్తూ, తేనెటీగల మీద ప్రభావం ఎలా ఉంటుందో విడుదల తర్వాత రెండేళ్లలోగా పొలాల్లో అధ్యయనం చేయమంది. తాళి కట్టించేశాం, జాతకాలు తీరిగ్గా చూద్దాం అన్నమాట. నేను దీన్ని తప్పు పట్టను. ముందే జాతకాలు చూస్తే కలవకపోయే ప్రమాదం ఉంది కదా.

ఇంకో షరతు కూడా నాకు బాగా నచ్చింది. ఈ మొక్కలో బార్ అనే మూడో జన్యువు ఉంది. గ్లుఫోసినేట్ అనే గడ్డి మందు కొట్టినా మొక్క చావకుండా చూడటం దాని పని. పెట్టింది విత్తనోత్పత్తి సౌకర్యం కోసమట, అందువల్ల రైతులు మాత్రం పొలంలో ఆ మందు కొట్టకూడదని షరతు. గొడుగు చేతికిచ్చి, వానలో మాత్రం విప్పకు అని చెప్పినట్టు. మన రైతులు ఇలాంటి షరతులను ఎంత గౌరవిస్తారో గడ్డి మందును తట్టుకునే పత్తి విషయంలో చూశాం. దానికి అనుమతే లేదు. తొలకరి ముందు పట్టుబడిన ప్యాకెట్ల ఫొటోలు ఏటా పేపర్లో వస్తాయి. పట్టుబడనివి మొలకెత్తుతాయి. గట్ల మీద తుమ్మికూర, గడ్డి చామంతి మాడిపోతాయి. తేనెటీగలకు అవే టిఫిన్ సెంటర్లు. వయ్యారిభామ మాత్రం ఎక్కడో ఒకచోట తిరిగి లేస్తుంది, దాని వయ్యారం దానిది.

ఈ ఆవాల కేసు 2024 జులై 23న సుప్రీంకోర్టులో తీర్పుకొచ్చింది. ఇద్దరు న్యాయమూర్తుల్లో జస్టిస్ నాగరత్న అనుమతి చెల్లదన్నారు, జస్టిస్ సంజయ్ కరోల్ చెల్లుతుందన్నారు. జన్యుమార్పిడి పంటల మీద జాతీయ విధానం తయారు చేయమని మాత్రం ఇద్దరూ ఒకే మాట చెప్పారు. తేనెటీగ తరఫు వకీలు ఆ రోజు గెలిచాడో ఓడాడో అతనికే తెలియదు.

సరే, ఇక ప్రతిపక్షం వైపు వద్దాం. బీటీ విత్తనం వల్లే తేనెటీగలు చస్తున్నాయని మా ఫ్యామిలీ గ్రూపులో నెలకొకసారి మెసేజ్ వస్తుంది. కింద ఐన్‌స్టీన్ ఫొటో: తేనెటీగలు పోతే మనిషి నాలుగేళ్లలో పోతాడు అని. ఐన్‌స్టీన్ ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. ఫొటోలో ఆయన జుట్టు చూసి మనం నమ్మేస్తాం. బీటీ పత్తిలో ఉన్న విషం కాయ తొలిచే పురుగుల కోసం, అంటే రెక్కలొస్తే సీతాకోకచిలుకల జాతిలో చేరే వాటి కోసం పెట్టింది. అది తేనెటీగకు ప్రాణాంతకం కాదని చాలా పరీక్షల్లో తేలింది. ఈ ముక్క గ్రూపులో రాస్తే మా పెద్దనాన్న కొడుకు, ‘ఏం కంపెనీలో చేరినావా?’ అన్నాడు.

కంపెనీ వైపు వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా! 2002లో బీటీ పత్తి వచ్చింది, మందు కొట్టే బాధ తప్పింది, కాబట్టి తేనెటీగకూ మేలే జరిగిందంటారు. మొదట్లో తగ్గిన మాట నిజం. తర్వాత తెల్లదోమ, పచ్చదోమ వచ్చాయి. గులాబీ రంగు పురుగు బీటీని కూడా అరిగించుకుంది. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసిన కేశవ్ క్రాంతి, ఇంకో శాస్త్రవేత్తతో కలిసి 2020లో లెక్క తీస్తే, పత్తి రైతు పురుగుమందుల ఖర్చు బీటీ రాకముందు కన్నా పెరిగిందని తేలింది. ఆ లెక్క వేదిక మీద ఎవరైనా ఎత్తితే వెంటనే టీ బ్రేక్ వస్తుంది.

ఇంతకీ నాకర్థం కానిది ఒకటుంది. గింజ లోపల ఏ జన్యువుందని ఇన్నేళ్లుగా కొట్టుకుంటున్నాం. గింజ మీద ఏముందో ఎవరూ చూడరు. పత్తి ప్యాకెట్ చింపితే చాలావాటిలో గింజలు రంగు పూసుకుని పేరంటానికి వచ్చినట్టుంటాయి. ఆ రంగులో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఉంటుంది. నియోనికోటినాయిడ్ల వంశం, అంటే పొగాకులోని నికోటిన్‌కు వరసకు మనవడు. మొలకతో పాటు ఆకుకు, ఆకుతో పాటు పువ్వుకు ఎక్కుతుంది. అదే మందు మళ్లీ సీసాలో వస్తుంది, రసం పీల్చే పురుగులకని పైన కూడా కొడతాం. యూరప్ వాళ్లు ఈ వంశంలో ముగ్గురిని 2013లో ఈగలు వాలే పంటల నుంచి, 2018లో మొత్తం ఆరుబయట పొలాల నుంచే వెళ్లగొట్టారు. మన దగ్గర ఈ ఇమిడాక్లోప్రిడ్ ఇంటి పేరులా పలుకుతుంది.

ఇక్కడ మన భాష గొప్పదనం చెప్పుకోవాలి. జ్వరానికి వేసుకునేది మందు. పురుగుకు కొట్టేది మందు. సాయంత్రం వేసుకునేదీ మందే. ‘ఈరోజు మందు కొట్టాల’ అని ఎవరైనా అంటే సాయంత్రం దాకా ఆగి చూస్తే గానీ ఏ మందో తెలియదు. తేనెటీగకు కూడా మందు ఒకటే రకంగా పనిచేస్తుందట. 2012లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు తేనెటీగల వీపుకు బుల్లి చిప్‌లు అతికించి, నియోనికోటినాయిడ్ కొంచెం తాగించి వదిలితే, చాలా ఈగలు ఇల్లు చేరలేదు. చచ్చేంత మోతాదు కాదు, దారి తప్పేంత. మరో ప్రయోగంలో మందు కలిపిన పంచదార నీళ్లు, కలపనివి పక్కపక్కన పెడితే, మందు కలిపిన వాటి దగ్గరే ఎక్కువ వాలాయి. మా వీధి చివర షాపు ముందు ఏడింటికి కనిపించే దృశ్యమే. కాబట్టి నేరం ఈగదే. తాగి దారి తప్పినవాడికి ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ఇవ్వదు.

హెచ్చరిక లేదనడానికీ లేదు. పూత మీద ఈగలు తిరిగే వేళ కొట్టవద్దని లేబుల్ మీద ఉంటుంది, ఆవగింజంత అక్షరాల్లో. రంగు గుర్తులూ ఉన్నాయి. అతి విషం అయితే ఎరుపు, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇక్కడో చిన్న సాంకేతిక ఇబ్బంది. తేనెటీగకు ఎరుపు కనపడదు. దాని నాట్యభాష విప్పి చెప్పి 1973లో నోబెల్ అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఈ సంగతి వందేళ్ల కిందటే తేల్చాడు. పైగా ఆ రంగు నిర్ణయించేది ఎంత మోతాదుకు ఎలుక చస్తుందని చూసి. ఎలుకకు పచ్చ అయినది ఈగకు యముడు కావచ్చు. ఈగల సంఘం ఈ విషయం మీద ఒక్క వినతిపత్రమైనా ఇచ్చిందా?

ఇక అసలు ప్రశ్న. తేనెటీగ అంత అవసరమా? చైనాలో సిచువాన్ వైపు బేరి పండ్ల తోటల్లో మనుషులే చెట్లెక్కి కర్రకు కట్టిన ఈకలతో పూలకు పుప్పొడి అద్దుతున్నారు. జపాన్‌లో 2020లో పుప్పొడి కలిపిన సబ్బు బుడగలు ఊది కాయలు కాయించారు. మనం ఎవరికీ తీసిపోం. తుంగభద్ర దాటితే గద్వాల వైపు నడిగడ్డ. అక్కడ విత్తన పత్తిలో సాయంత్రం పూట ఆడపువ్వు మొగ్గ నుంచి కేసరాలు గిల్లి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దుతారు. క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని పిల్లలను దింపేవాళ్లు. ఏళ్ల తరబడి ఈ దేశంలో పత్తి విత్తనాల కోసం బడి మానేసిన తేనెటీగలకు ఎనిమిదేళ్లూ పదేళ్లూ. వాటికి లేబుల్ చదివే వయసు కూడా లేదు.

తేనె కోసమైతే అసలు ఈగతో పనే లేదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) 13 బ్రాండ్ల తేనె తీసి కల్తీ పట్టే ఎన్ఎంఆర్ పరీక్ష చేయిస్తే 10 తప్పాయి, చక్కెర పాకం కలిసిందని. పరిశ్రమ పూల మీద ఆధారపడటం ఎప్పుడో తగ్గించుకుంది. ఇక మందు కొట్టడానికి డ్రోన్లు వచ్చేశాయి. డ్రోన్ అంటే ఇంగ్లీషులో పోతు తేనెటీగ, తెట్టెలో ఏ పనీ చేయకుండా తిని కూర్చునేది. దాని పేరు పెట్టిన యంత్రం మాత్రం ఎకరాకు కొన్ని నిమిషాల్లో మందు చల్లి పోతోంది. పోతుటీగ మొదటిసారి పనిచేస్తోందంటే సంతోషించాల్సింది పోయి విమర్శిస్తారేం?

ఇవన్నీ రాసుకుని, ఒక్కసారి క్షేత్రస్థాయి పరిశీలన కూడా ఉంటే బాగుంటుందని మా బావమరిది దగ్గరికి పోయాను. మూడెకరాల పొద్దుతిరుగుడు, మంచి పూత. ఈ పంటలో ఈగలు తక్కువైతే గింజలు తాలు పోతాయి. అందుకే హెక్టారుకు ఐదు తేనెపెట్టెలు పెట్టమని, అది కుదరకపోతే పొద్దున ఎనిమిది నుంచి పదకొండు మధ్య చేతికి పలుచటి గుడ్డ చుట్టి పువ్వు మీద మెల్లగా అద్దమని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతారు. రోజు విడిచి రోజు. మా చెల్లెలు పాత వాయిల్ చీర చింపి చేతికి చుట్టుకుని పువ్వు పువ్వుకూ నమస్కారం పెట్టినట్టు అద్దుకుంటూ పోతోంది. వెనక రెండు సాళ్ల అవతల వీడు వీపున ట్యాంకు.

‘ఏంరా, పూత మీద కొడుతున్నావ్?’

‘పురుగుంది బావా. షాపాయన రెండు కలిపి కొట్టమన్నాడు.’

‘సాయంత్రం కొట్టొచ్చు గదా, ఈగలు ఉండవు.’

‘సాయంత్రం కరెంటొస్తాది, నీళ్లు కట్టాల. కూలోళ్లు పన్నెండుకు పోతారు. ఈ టైమే కుదుర్తాది.’ వాడు ముక్కుకు తువ్వాలు బిగించుకున్నాడు. ‘ఈగలు యాడున్నాయి బావా? ఉంటే మీ చెల్లెలికి ఈ పనేంది?’

నా దగ్గర సిద్ధం చేసుకున్న ప్రశ్నలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఈలోపు చెల్లెలు చీర ముక్క విప్పి నా చేతిలో పెట్టింది. ‘అన్నా, నేను పోయి అన్నం తెస్తా. ఆ సాలు అయిపోయేదాకా అద్దు. గట్టిగా రుద్దొద్దు.’

పదకొండు దాకా అద్దాను. పద్ధతి ప్రకారం నాకు కూడా నోటీసు రావాలి.