మహారాజశ్రీ వీసీడీ గారికి

మహారాజశ్రీ వీసీడీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, తమరి కుశలం నిన్న మధ్యాహ్నమంతా దగ్గరుండి చూశాను కాబట్టి ఆ మాట దాటేస్తున్నాను.

మా అక్క పెళ్ళి తమరి దగ్గర ఉంది. రెండు వీడియో సీడీలు, వాటి మీద గుండె బొమ్మలో అక్కాబావల స్టిక్కర్లు. మేనకోడలు చూస్తానంది. ఇప్పటి లాప్‌టాప్‌లో తమరిని పెట్టడానికి చోటే లేదు కనుక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒకటి కొని, ఉన్నదంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తమరికి గౌరవంగా సెలవిద్దామనుకున్నాం. తమరిలో వీడియో ఉండే డాట్ ఫైలు తొంభై శాతం దాకా చకచకా వచ్చింది. తర్వాత కిర్రుమన్నారు, కాసేపాగి మళ్ళీ కిర్రుమన్నారు, ఆఖరికి సైక్లిక్ రిడండెన్సీ చెక్, అంటే డేటా సరిగా చదవలేకపోయాననే ఎర్రర్, అని చేతులెత్తేశారు.

పోనీ నేరుగా చూద్దామని పెట్టాం. వినాయకుడు వచ్చాడు. తామరపువ్వు విచ్చుకుంది, అందులోంచి అక్క మొహం గిర్రున తిరుగుతూ వచ్చింది. ఫంక్షన్ హాలు గేటు, సీరియల్ లైట్లు, కెమెరా లైటుకు చెయ్యి అడ్డం పెట్టుకున్న ఎవరో పెద్దాయన, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. మేనమామలు అక్కను గంపలో మోసుకొచ్చారు, అడ్డుతెర పట్టారు, పంతులుగారు జీలకర్ర బెల్లం చేతికిచ్చారు, ఇద్దరూ చేతులెత్తారు. అంతే, గడులు. అక్క ముక్కు ఒక గడిలో, బావ చెవి ఇంకో గడిలో, సన్నాయి ఒకే స్వరం పట్టుకుని వదల్లేదు. పెళ్ళి జరిగిందనడానికి ఇక సాక్ష్యం లేదని బావ సంతోషించాడు, అక్క చూపుతో ఆపేశాడు.

సరిగ్గా అక్కడే ఎందుకని తమరి పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. 1993లో పుట్టారు, 74 నిమిషాలు పడతారు. తమరి మీద రాత లోపల మొదలై బయటి అంచు దాకా వెళ్తుందట. అంటే తామరపువ్వేమో నడిమధ్యన భద్రంగా ఉంటుంది, డెబ్భయ్యో నిమిషంలో వచ్చే ముహూర్తం మాత్రం అంచు మీద ఉంటుంది. వేళ్ళు తగిలేదీ, కవర్లోంచి లాగేటప్పుడు గీరుకునేదీ ఆ అంచే కదా. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారుకు, అంటే డేటా రాసే ఒక్కో చిన్న ముక్కకు, 2048 బైట్ల సరుకు, చదవడంలో తప్పొస్తే దిద్దుకోడానికి ఇంకో 276 బైట్లు ఉంటాయి. తమరు ఆ 276 కూడా బొమ్మకే వాడేసి 2324 చేసుకున్నారు. ఇంకో తొమ్మిది నిమిషాలు ఇరికించడానికి ఉన్న కాస్త అదనపు రక్షణా తీసి పారేశారన్నమాట. ఆ దక్కిన చోట్లో ఏం పెట్టారండీ? తామరపువ్వు! అదీ రెండుసార్లు!

తమరి వంశం గురించి ఎక్కువ చెప్పను. పెదనాన్న కొడుకు అమెరికా నుంచి తెచ్చిన డీవీడీ రీజియన్ 1 అట, అంటే అక్కడి ప్లేయర్లకే ఆడేలా తాళం వేసిందట, మన ప్లేయరేమో రీజియన్ 5, మొహం కూడా చూడనంది. డీవీడీ తర్వాతి తరంగా హెచ్‌డీ డీవీడీ 2006లో వచ్చి 2008లోనే పోయింది, దాన్నేమీ అనను, పాపం ఎవరి పెళ్ళీ పాడుచేసేంత టైమే దొరకలేదు.

కానీ ఆ రోజు స్టూడియో అతను ఏమన్నాడో తెలుసా, "క్యాసెట్ అయితే బూజు పడుతుందండీ, ఇదైతే మీ మనవలు కూడా చూస్తారు" అన్నాడు. పక్కింటి వాళ్ళ క్యాసెట్‌కు నిజంగానే బూజు పట్టింది, తుడిచి ఎక్కిస్తే తాళి కట్టడం దగ్గర్నుంచి శుభ్రంగా వచ్చింది. ఇంక తమరూ లేదు గిమరూ లేదు. ఒరేయ్, మనవల దాకా ఎందుకురా, కూతురికి చూపించలేకపోయావు! డబ్బా అడుగున పడేస్తే పడి ఉన్నావు, ఎవరూ నిన్ను పిట్టలు తోలడానికి పొలంలో కూడా కట్టలేదు, ఎండా వానా తగల్లేదు, అయినా నీకేం రోగం?

రెండో డిస్కు మాత్రం, ఒప్పుకోవాలి, ఇప్పటిదాకా బుద్ధిగానే ఉంది. చదివింపులు పైసాతో సహా వినబడ్డాయి. బంతిలో కూర్చున్న నానమ్మ, నోట్లో బూరె పెట్టుకుని కెమెరా అతన్ని "పోరా అవతలికి" అని కసిరింది, అది నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాం. దానికి నీకు దణ్ణం. ఈ ఉత్తరం రాస్తుంటే కాపీ డెబ్భై శాతం దాటింది. నీ అంచు మీద అప్పగింతలు ఉన్నాయి. జాగ్రత్త.