చేతులన్నీ దించేసే వెబినారు సారుకు

శ్రీయుత వెబినారు సారుకు,

హనుమకొండ, కాజీపేట, కొత్తవాడ, నర్సంపేట, పరకాల, ములుగు నుంచి మీ శ్రోతలు రాయునది. ఇక్కడ మేమంతా మ్యూట్‌లో క్షేమం. మీరు కూడా కనెక్ట్ అయ్యే ఉన్నారని తలుస్తాం.

2020లో సెమినార్ హాళ్లకు తాళాలు పడ్డప్పుడు ఇంటర్నెట్ సభగా మీరొచ్చి ఆదుకున్నారు. ఆ మేలు మరిచిపోలేదు. తాళాలు తీసి ఏండ్లయింది, మీరు మాత్రం పోలేదు. పోవద్దనే మేమూ కోరుకుంటున్నాం. భూపాలపల్లిలో ఉన్నామె సాయంత్రం ఉపన్యాసం కోసం బస్సెక్కి హనుమకొండ దాకా వచ్చి, రాత్రికి ఇల్లు చేరడం అయ్యే పని కాదు. మీరుంటే వంటింట్లో పని చేసుకుంటూనే వింటది. కాబట్టి మా లొల్లి మీరు ఉన్నందుకు కాదు. పాత సభలోని తంతు మొత్తం మీరు వెంట తెచ్చుకున్నారు. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, వక్త పరిచయం, వందన సమర్పణ, ఒక్కటీ వదల్లేదు. వెనక వరుసలో లేచి నిలబడి "సార్, జర ఒక్క ముచ్చట" అనే మనిషిని మాత్రం నడిదారిలో దించేసి వచ్చారు.

మీ పోస్టర్ దగ్గరి నుంచే మొదలుపెడదాం. పైన లోగోలు. వాటి కింద ముఖ్య పోషకులు, పోషకులు, కన్వీనర్, కో-కన్వీనర్, ఆర్గనైజింగ్ సెక్రటరీ, సలహా సంఘం, అందరికీ గుండ్రటి ఫోటోలు. మాట్లాడబోయే మనిషి కూడా వెతికితే దొరుకుతారు. ఉపన్యాసం దేని మీదో మిగిలిన జాగాలో రాస్తారు. లింకును కూడా ఆ బొమ్మలోనే అచ్చు వేస్తారు. బొమ్మలో ఉన్న లింకు వేలితో నొక్కితే తెరుచుకోదు సారూ. చూసి టైపు చేసుకుందామంటే ఇంగ్లిష్ పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి అంకె, మూడూ ఒకే తీరుగ నిలువు గీతలు. క్యూఆర్ కోడ్ ఉంది కదా అంటారేమో. పోస్టర్ ఏ ఫోన్‌కు వచ్చిందో, దాన్ని స్కాన్ చేయాల్సిందీ ఆ ఫోనే. పక్కింటోళ్ల ఫోన్ అడుక్కొచ్చినా, నాలుగు గ్రూపులు తిరిగి వాట్సాప్ చేతిలో నలిగిన కోడ్ గీతలు కలిసిపోయి ఉంటాయి. పోస్టర్ కింద లింకును అక్షరాల్లో అతికించడానికి పట్టేది పది సెకన్లు. ఫోటోల వరుస ఖరారు చేయడానికి మాత్రం ఒక కమిటీ కూర్చుంటుంది.

అన్నట్టు, సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు పోస్టర్ కూడా ఇంగ్లిష్‌లో వేసేంత ధైర్యం మీకే ఉంది.

లింకు దొరికితే రిజిస్ట్రేషన్ ఫారం. "బహిరంగ ఉపన్యాసం, అందరూ ఆహ్వానితులే" అని పైన రాసి ఉంటుంది. కిందకు పోతే మీ హోదా ఏమిటో ఎంచుకొమ్మంటారు: ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, అసిస్టెంట్ ప్రొఫెసర్, రీసెర్చ్ స్కాలర్, విద్యార్థి. అంతే. కొత్తవాడ జంపఖానాల మీదనే ఉపన్యాసం పెట్టారనుకుందాం. వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ గుర్తింపు (ఈ సరుకు ఫలానా ఊరిదని చెప్పే గుర్తు) వచ్చింది కాబట్టి అట్లాంటివి పెట్టాల్సిందే. ఆ జంపఖానా నేసే మనిషి ఈ ఐదింట్లో దేన్ని నొక్కాలి? ఎర్ర చుక్క పెట్టిన గడి నింపకుంటే ఫారం ముందుకు పోదు. ఆయన పేరు, చరిత్ర, మగ్గం కొలతలు అన్నీ వక్త స్లైడ్లలో ఉంటాయి. ఆయన మాత్రం రీసెర్చ్ స్కాలర్ అని అబద్ధమాడితే తప్ప లోపలికి రాలేడు.

ఇగ మీ "జాతీయ స్థాయి" గురించి. కాళేశ్వరం దగ్గర అవతలి ఒడ్డున ఉన్న సిరోంచ మహారాష్ట్రలోకి వస్తుంది. అక్కడి నుంచి ఒక్కరు లాగిన్ అయితే చాలు, మీరు జాతీయ సదస్సు. డాలస్‌లో ఉన్న పూర్వ విద్యార్థి ఒకరు పొద్దున కాఫీ తాగుతూ కనపడితే అంతర్జాతీయం. ఎందుకింత ఆరాటమో మాకు తెలియక కాదు. అధ్యాపకుల మార్కులు లెక్కగట్టే యూజీసీ 2018 నిబంధనల పట్టికలో ఆహ్వానిత ఉపన్యాసానికి రాష్ట్ర లేదా యూనివర్సిటీ స్థాయి అయితే 2 మార్కులు, జాతీయమైతే 3, దేశంలోనే జరిగే అంతర్జాతీయమైతే 5. మాట అదే, స్లైడ్లు అవే, పోస్టర్ మీద విశేషణం మారితే మార్కులు రెండింతలకు పైనే. ఇంత చవకగా విదేశం పోయొచ్చే దారి కాజీపేట జంక్షన్‌లో కూడా లేదు.

ఆ డాలస్, న్యూయార్క్ వక్తల సమయమైనా సరిగ్గా లెక్క కట్టండి. మనకు సాయంత్రం 7 అయితే న్యూయార్క్‌లో ఎండాకాలం ఉదయం 9:30, చలికాలం 8:30. వాళ్ల గడియారాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కు జరుగుతాయి. మన గడియారం ఎటూ జరగదు. దసరా ముందు పోస్టర్ వేసి నవంబర్ రెండో వారంలో సభ పెడితే, వక్త పోస్టర్‌లో ఉన్నట్టే 9:30కి వస్తారు. అప్పటికి ఇక్కడ రాత్రి 8. ఆ గంట సేపు సలహా సంఘం అంతా యూనివర్సిటీ వైభవం గురించి మాట్లాడుతుంది.

లోపలికి వచ్చాక వెయిటింగ్ రూమ్. జూమ్ ఉచిత ఖాతాకు సమావేశం 40 నిమిషాలు, వంద మంది. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు కలిస్తే 60 నిమిషాలు, అక్కడా వందే. ఈ లెక్క మీకు తెలిసినా "అందరూ రానీ" అని ఇరవై నిమిషాలు ఆపుతారు. ఆ తర్వాత ప్రార్థన. నాయిస్ సప్రెషన్ అనే సెట్టింగ్ మనిషి గొంతును ఉంచి, ఆగకుండా ఒకే తీరుగ మోగేదాన్ని ఫ్యాన్ అనుకొని తీసేస్తుంది. దాని లెక్కలో తంబూర కూడా ఫ్యానే, హార్మోనియం శ్రుతి కూడా ఫ్యానే. అందుకే మీ ప్రార్థనలో శ్రుతి మాయమై, గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆడియో సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" పెడితే చాలావరకు సర్దుకుంటుంది. రెండిండ్ల నుంచి ఇద్దరు కలిసి పాడడం మాత్రం ఏ సెట్టింగుతోనూ కాదు. గొంతు ఇక్కడి నుంచి అక్కడికి చేరే ఆలస్యమే తాళం తప్పిస్తుంది. తర్వాత యూనివర్సిటీ వీడియో. బొమ్మలు కదులుతాయి, మాట రాదు. స్క్రీన్ షేర్ చేసే పెట్టెలో కింద ఎడమవైపు "షేర్ సౌండ్" అని చిన్న గడి ఉంటుంది, దాంట్లో టిక్కు పెట్టాలి. ఈ ముక్క చాట్‌లో రాసి పంపితే ఎవరూ చూడరు, అప్పటికి చాట్ నిండా "గుడ్ ఈవినింగ్ సర్"లే.

హాల్లో కొందరు, ఆన్‌లైన్‌లో కొందరు ఉండే సభల్లో మీ అసలు రూపం బయటపడుతుంది. పోడియం మీద లాప్‌టాప్ పెట్టి దాని మైక్‌నే నమ్ముకుంటారు. ఆ మైక్‌కు వక్త గొంతు నేరుగా అందదు. హాలు స్పీకర్లలోంచి వచ్చి గోడలకు తగిలి తిరిగొచ్చింది అందుతుంది. ఇంట్లో వినేవాళ్లకు వక్త బావిలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. అప్పుడొకరు సాయం చేద్దామని ముందు వరుసలో ఇంకో లాప్‌టాప్ తెరిచి అదే లింకులో చేరతారు. దీని స్పీకర్ మాట దాని మైక్‌లోకి, దాని మాట దీంట్లోకి పోయి కూత మొదలవుతుంది. అందరూ "మ్యూట్, మ్యూట్" అని మైకుల్లోనే అరుస్తారు.

పద్ధతి ఇదీ సారూ. హాలు మైకులన్నీ వచ్చి కలిసే మిక్సర్ పెట్టెకు వెనుక అవుట్‌పుట్ ఉంటుంది. దాన్నుంచి వైరు తెచ్చి లాప్‌టాప్ హెడ్‌సెట్ రంధ్రంలో నేరుగా గుచ్చొద్దు. ఆ రంధ్రం మైక్ వచ్చేంత సన్నటి సిగ్నల్ కోసం ఉన్నది, మిక్సర్ లైన్ సిగ్నల్ దానికి మోత బరువై గొంతు పగిలిపోతుంది. మధ్యలో ఆ సిగ్నల్‌ను లాప్‌టాప్‌కు సరిపోయేట్టు అందించే ఒక చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టి, మీటింగ్ సెట్టింగుల్లో మైక్ కింద దాన్ని ఎంచుకోవాలి. రెండో లాప్‌టాప్ కావాల్సి వస్తే దాంట్లో ఆడియోలోనే చేరకుండా ఉండాలి, మ్యూట్ చేస్తే సరిపోదు, స్పీకర్ ఇంకా మోగుతూనే ఉంటుంది. నెట్ హాస్టల్ మొత్తం వాడే వైఫై కాకుండా ల్యాన్ వైరు మీద రావాలి. ప్రశ్న అడిగేవాళ్ల చేతికి తిరిగే మైక్ ఒకటి ఇవ్వాలి, లేకుంటే ఇంట్లోవాళ్లకు జవాబు మాత్రమే వినపడి, ప్రశ్న ఏందో ఊహించుకోవాల్సి వస్తుంది. శాలువాలకు ఖర్చు పెట్టే చేతులు ఒక వైరుకు ఎందుకు వణుకుతాయో అర్థం కాదు.

ఫోన్‌లో వినేవాళ్ల డేటా గురించీ ఒక లెక్క. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వీడియో వస్తే గంటకు 450 ఎంబీ. రెండు గంటల సభకు 900. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నామెకు మీ వందన సమర్పణ అయ్యేసరికి సగానికి పైగా ఖాళీ. మాట ఒక్కటే అయితే 80 కిలోబిట్లు చాలు, గంటకు 36 ఎంబీ. అంటే మాటకు 36, కన్వీనర్ గారి ముఖం చూసినందుకు మిగతాది. వక్త గొంతు తెగిపోతున్నప్పుడు అందరి కెమెరాలూ ఆపిస్తే చాలాసార్లు మాట నిలబడుతుంది. కానీ కెమెరాలు ఆపితే కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే నాక్‌కు ఫోటో ఎట్లా? చివర్లో "అందరూ వీడియో ఆన్ చేయండి, స్క్రీన్‌షాట్ తీయాలి" అంటారు కదా, ఆ ఒక్క నిమిషంలోనే మీ హాజరు మొత్తం పుంజుకుంటుంది. జియోట్యాగ్ కావాలని లాప్‌టాప్ తెరను ఫోన్‌తో ఫోటో తీసి, అక్షాంశ రేఖాంశాలతో సహా భద్రపరిచే వాళ్లూ ఉన్నారు. ఉపన్యాసం ఎక్కడ జరిగిందన్నదానికి సాక్ష్యం, ఒక టేబుల్.

సర్టిఫికెట్ గురించి ఎక్కువ రాయం, అందరికీ తెలిసిందే. ఫీడ్‌బ్యాక్ ఫారం చివరి పది నిమిషాల్లో తెరుస్తారని తెలుసు కాబట్టి సగం మంది అప్పుడే వస్తారు. ఒక్కటి మాత్రం చెప్తాం. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి స్క్రిప్టుతో (తనంతట తానే పంపే చిన్న ప్రోగ్రాంతో) పంపితే రోజుకు వంద మందికే పోతాయి. ఆరు వందల సర్టిఫికెట్లకు ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ గ్రూపులో "సర్, నాకు రాలేదు" అన్న సందేశాలే. ఉపన్యాసం మీద అందులో ఒక్క మాటా ఉండదు.

ఇప్పుడు ఆ వెనక వరుస మనిషి దగ్గరికి వద్దాం. హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నాటిది. అంటే సభలు పెట్టుకోవడం, వక్తను నిలదీయడం ఈ ఊరికి మీరు నేర్పాల్సిన పని కాదు. సభలో ఒకరు లేచి నిలబడితే అధ్యక్షులు చూడనట్టు ఎంతసేపు నటించగలరు? పక్కనున్నవాళ్లు "అడగనియ్యిండ్రి" అంటారు. మీ దగ్గర ఆ భయం లేదు. మామూలు మీటింగ్ కాకుండా జూమ్‌లో వెబినార్ అనే పద్ధతి పెడితే శ్రోతకు గొంతు ఉండదు, ముఖం ఉండదు, పక్కన ఎవరున్నారో కూడా తెలియదు. చెయ్యి గుర్తు ఒక్కటే ఉంటుంది. దానికీ సభ నడిపే హోస్ట్ దగ్గర "లోయర్ ఆల్ హ్యాండ్స్" అని ఒక బటన్. ఒక్క నొక్కుతో ఎన్ని చేతులైనా దిగిపోతాయి. పోలీసులకు కూడా దొరకని సౌకర్యం ఇది. ప్రశ్నలు రాయండి అని క్యూ అండ్ ఏ పెట్టె ఇస్తారు, దాంట్లో "ఆన్సర్ లైవ్", అంటే నోటితోనే జవాబిస్తామని, నొక్కుతారు. ఆ ప్రశ్న వరుసలోంచి జరిగిపోతుంది. ఆ తర్వాత "సమయాభావం వల్ల" అని మొదలుపెట్టి వందన సమర్పణకు పది నిమిషాలు ఇస్తారు.

మీరు చేతగానివారైతే ఇంత చెప్పేవాళ్లం కాదు. 2021 జూలై 25న పాలంపేట రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది మీవంటి ఆన్‌లైన్ సమావేశమే. చైనాలోని ఫుజౌ ఆతిథ్యంలో, దేశదేశాల సభ్యులు తెరల మీదనే వాదించుకొని తేల్చారు. అంటే తెర మీద వాదన జరగగలదు. మైక్ ఇవ్వడమే కావాలి.

అందుకే అడుగుతున్నాం. వక్త పరిచయాన్ని పోస్టర్ కింద రాసి పెట్టండి, చదవొద్దు. నలభై నిమిషాలు ఉపన్యాసం, ఇరవై నిమిషాలు ప్రశ్నలు, ఆ ఇరవై కోసం వక్తతో ముందే మాట తీసుకోండి. ప్రశ్నలు ఎంచడానికి కన్వీనర్ కాకుండా ఇంకొకరు కూర్చోవాలి. చెయ్యెత్తిన వాళ్లకు "అలౌ టు టాక్" నొక్కండి, అదీ మీ దగ్గరే ఉంది. యూట్యూబ్‌లో పెడితే కొత్త ఛానెల్‌కు లైవ్ అనుమతి రావడానికి 24 గంటలు పట్టొచ్చని సభ రోజు పొద్దున కాకుండా ముందే తెలుసుకోండి. రికార్డింగ్‌లో మొదటి "హలో, వినపడుతుందా" భాగం కత్తిరించి, "డే 2 సెషన్ 3" అన్న పేరు తీసేసి విషయం పేరు తెలుగులో పెట్టండి. వివరణలో 00:00 నుంచి మొదలుపెట్టి ఏ నిమిషంలో ఏ ముచ్చట వస్తుందో రాస్తే వెతుక్కునేవాళ్లకు దొరుకుతుంది. ఫారంలో హోదా దగ్గర "ఇతరులు" అని ఒక గీత, దాని పక్కన రాసుకోవడానికి జాగా.

ఆ జాగా దొరికితే జంపఖానాల ఉపన్యాసంలో కొత్తవాడ నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఏందో మేమే చెప్తాం, వక్తగారిని సిద్ధంగా ఉండమనండి: "సార్, జీఐ గుర్తు వచ్చినంక ఒక్కో జంపఖానాకు మగ్గం మీద కూసున్నోనికి ఎంత ఎక్కువ ముడుతుంది?"

ఇట్లు,
మీ శ్రోతలు
పేర్లు రిజిస్ట్రేషన్ ఫారంలో, రీసెర్చ్ స్కాలర్ల కింద