ఊరి ఒడ్డునే ఊరిని నిలదీసిన ఒపేరా

సంగీతోత్సవానికి జనం సరదాగా గడపడానికి వస్తారు, అక్కడ ఏడుపుగొట్టు కథ ఎందుకని అడిగేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉంటారు. జాతరలో తెల్లవార్లూ కూర్చుని, హరిశ్చంద్ర కాటి సీనులో పద్యం పద్యానికీ వన్స్‌మోర్ కొట్టిన మనవాళ్లకు మాత్రం ఈ ప్రశ్న వింతగానే వినిపించాలి. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని ఆల్డ్‌బరో అనే చిన్న ఊరు 2013 జూన్‌లో దీనికి చెప్పిన జవాబు, ఒక గట్టి అభ్యంతరం ఉన్నా, నాకు నచ్చింది.

అది స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ శతజయంతి సంవత్సరం. 1948లో ఆ ఊళ్లో ఉత్సవాన్ని మొదలుపెట్టినవారిలో ఆయన ఒకరు. అంతకు మూడేళ్ల ముందే లండన్‌లో తొలిసారి ప్రదర్శించిన ఆయన విషాద ఒపేరా (మాటల బదులు పాటలతో నడిచే నాటకం) ‘పీటర్ గ్రైమ్స్’ను టిమ్ ఆల్బరీ దర్శకత్వంలో ఆల్డ్‌బరో గులకరాళ్ల ఒడ్డు మీదే, ఆరుబయట రంగస్థలం కట్టి ఆడారు. కథ కూడా ఆ ఊరిదే. అక్కడే పుట్టిన జార్జ్ క్రాబ్ 1810లో ప్రచురించిన కావ్యం దానికి మూలం. గ్రైమ్స్ అనే జాలరి దగ్గర పనికి కుదిరిన కుర్రవాడు సముద్రంలో చనిపోతాడు. విచారణ జరిపి ప్రమాదమని తేల్చినా ఊరు నమ్మదు. రెండో కుర్రవాడు కొండ అంచు నుంచి జారిపడి చనిపోయాక ఊరంతా అతని మీదికి వేటకు బయలుదేరుతుంది. గ్రైమ్స్ ఏమీ అమాయకుడు కాడు, చేయి చేసుకునే మనిషే. అయినా అతని పతనంలో ఊరికీ వాటా ఉందని బ్రిటన్ సంగీతం మొహమాటం లేకుండా చెబుతుంది. విచారణ జరిగే మూట్ హాల్ అనే పాత సభాభవనం ఆ ఒడ్డుకు దగ్గర్లో నేటికీ నిలిచే ఉంది. అటువంటి కథను అదే ఊరి ఉత్సవంలో, మెత్తబరచకుండా ఆడటానికి గుండె ధైర్యం కావాలి.

ఇక అభ్యంతరం. ఆర్కెస్ట్రా ఒడ్డు మీద లేదు. స్టూవర్ట్ బెడ్‌ఫర్డ్ నిర్వహణలో ముందే రికార్డు చేసిన వాద్యసంగీతాన్ని వినిపిస్తుంటే గాయకులు మైకులు పెట్టుకుని పాడారు. సముద్రపు గాలిలో, తేమలో వయొలిన్లను కూర్చోబెట్టలేరన్నది నిజమే. కానీ ఈ ఒపేరాలో దృశ్యానికీ దృశ్యానికీ మధ్య గొంతే లేకుండా వాద్యాలు మాత్రమే పలికే ఘట్టాలు ఆరు ఉన్నాయి; వాటిలో ఎక్కువ సముద్రాన్నే పలికిస్తాయి. అసలు సముద్రాన్ని పక్కనే పెట్టుకుని వాటిని స్పీకర్లకు అప్పగించడం నాకు మింగుడుపడలేదు. మన నాటక సమాజం రంగస్థలం పక్కన హార్మోనిస్టు లేకుండా పద్యం ఎత్తుకోదు కదా!

అయితే చివరి అంకంలో గ్రైమ్స్ మతి చలించే ఘట్టం దగ్గర నా అభ్యంతరం నిలబడదు. అక్కడ బ్రిటన్ ఆర్కెస్ట్రాను దాదాపుగా మౌనంగా ఉంచాడు. పొగమంచులో ఓడలను హెచ్చరించే బూర లాంటి ధ్వని, దూరం నుంచి అతని పేరు పిలిచే ఊరి గొంతులు, ఒంటరి మనిషి పలవరింత, అంతే. అలన్ ఓక్ ఆ పాత్రలో తడబడుతూ తిరుగుతున్నప్పుడు రికార్డింగ్ సంగతే నాకు గుర్తుకు రాలేదు. ఆ తరువాత పడవను దూరం తీసుకెళ్లి ముంచెయ్యమని బాల్‌స్ట్రోడ్ అనే పాత కెప్టెన్ అతనికి చెప్పే మాటలకు బ్రిటన్ స్వరమే కట్టలేదు; మామూలు మాటలుగానే వదిలేశాడు. తెల్లవారాక, ఎక్కడో పడవ మునుగుతోందట అన్న కబురును పుకారని కొట్టిపారేసి ఊరు తన పనిలో పడిపోతుంది.

ఆ ప్రదర్శనలను చిత్రీకరించి అదే ఏడాది సినిమా హాళ్లలో విడుదల చేశారు. నేను చూసింది ఆ సినిమానే. చూడదలచినవారు ఫోన్ స్పీకర్‌తో కాకుండా మంచి హెడ్‌ఫోన్లతో వినండి, లేకపోతే దూరపు గొంతులు వినిపించవు.