చెప్పి బయల్దేరొద్దు

'రేపే పుట్టింటికి పోతా' అని కోపంలో అనేసిన మాట ప్రాణం మీదికి తెస్తుంది. కొట్టే మనిషి బరితెగించేది భార్య చెయ్యి దాటిపోతోందని పసిగట్టినప్పుడే. బయల్దేరే రోజు సంగతి నమ్మకమైన ఒకరిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియకూడదు.

గుట్టు ముందు ఫోన్లోనే బయటపడుతుంది. వాట్సాప్ ఇంకే ఫోన్లో, కంప్యూటర్లో తెరిచి ఉందో చూపే 'లింక్డ్ డివైసెస్', మనం ఎక్కడున్నామో అవతలివాళ్లకు చూపే మ్యాప్స్‌లోని లొకేషన్ షేరింగ్ చూసుకోవాలి. అయితే వారం ముందే ఆపేస్తే అనుమానం పుడుతుంది, గడప దాటే వేళ ఆపితే చాలు. జీమెయిల్ అతను పెట్టిచ్చిందైతే ఏర్పాట్ల మాటలు పక్కింటామె ఫోన్లోనే నడవాలి. బ్యాంకు ఖాతాకు అతని నంబరుంటే వంద రూపాయలు తీసినా మెసేజ్ అతనికే పోతుంది. వేరే బ్యాంకులో సొంత నంబరుతో ఖాతా ఉండాలి.

ఆధార్, రేషన్ కార్డు, పిల్లల జనన పత్రాలు, పెళ్లి ఫొటో, దెబ్బలకు చూపించుకున్న ఆసుపత్రి చీటీలు ముఖ్యం. అన్నీ ఒకేసారి మాయమైతే బీరువా తెరిచిన పూటే దొరికిపోతారు. ఒక్కోటి జిరాక్స్ తీయించి అసలుది మళ్లీ అక్కడే పెట్టాలి, ఆఖరి రోజున అసళ్లు తీసుకోవాలి. నగల కోసం ఆగొద్దు. స్త్రీధనం తర్వాత కోర్టు ద్వారా రాబట్టుకోవచ్చు.

పొదిలి నుంచి ఒంగోలుకైనా, ఉదయగిరి నుంచి నెల్లూరుకైనా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. ఊరి స్టాపులో ఎక్కితే టీకొట్టు దాకా తెలిసిపోతుంది, పక్క ఊళ్లో ఎక్కడం మేలు. పుట్టింటికే పోవాలనేం లేదు, అతను మొదట వెతికేది అక్కడే. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లను ఆదుకునే సఖి కేంద్రంలో మామూలుగా 5 రోజుల వరకు తలదాచుకోవచ్చు, వైద్యం, న్యాయసాయం అందుతాయి. అతను మీద పడితే మాత్రం అత్యవసర సాయానికి 112. చేశాక ఆ నంబర్లు కాల్ లిస్టులోంచి తీసేయాలి.

ఇల్లు వదిలితే హక్కు పోతుందని పెద్దమనుషులు బెదిరిస్తారు. శుద్ధ అబద్ధం. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం అదే ఇంట్లో ఉండే హక్కు కోరవచ్చు. తాత్కాలికంగా తలదాచుకున్న చోటి కోర్టులోనే అర్జీ వేయవచ్చు. మామూలుగా 3 రోజుల్లో తొలి విచారణ జరగాలి. అత్యవసరమైతే అతని వాదన వినకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆమె జోలికి పోవద్దని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వును అతను మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంత జాగ్రత్తపడి వచ్చినామెను కౌన్సెలింగ్ పేరుతో భర్తకు ఎదురుగా కూర్చోబెట్టి 'ఇప్పుడెక్కడుంటున్నావమ్మా?' అని అడిగే పోలీస్ స్టేషన్లు ఉన్నాయి. ఇద్దరినీ వేర్వేరు రోజుల్లో పిలవాలని, ఆమె చిరునామా అతని చెవిన పడకుండా చూడాలని నెల్లూరు, ప్రకాశం ఎస్పీలు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.