గొరిల్లా తలమీద బిందె

నాకొక వ్యసనం ఉంది. మందో పేకాటో అయితే పదిమందిలో చెప్పుకోవచ్చు, సానుభూతి చూపించేవాళ్ళూ దొరుకుతారు. నాది చవకబారు రాక్షస సినిమాల వ్యసనం. రాత్రి పదకొండు దాటాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, వీపున జిప్పు కనిపించే రాక్షసుణ్ణి పెట్టుకుని చూస్తాను. మధ్యలో ఎవరైనా మంచినీళ్ళకి లేస్తే చప్పున ఏదో ఇరానీ సినిమాకి మార్చేస్తాను. ఇంట్లో నాకు కళాహృదయం ఉందని పేరు.

ఇంత అనుభవం పెట్టుకుని ఈ శాఖ గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే చరిత్ర నన్ను క్షమించదు.

ముందుగా 1953 నాటి ‘రోబోట్ మాన్‌స్టర్’. వేరే లోకం నుంచి దిగిన రోబో ఒకడు భూమ్మీద మనుషుల్ని దాదాపు అందర్నీ మట్టుబెట్టి, మిగిలిన ఎనిమిదిమంది కోసం వెతుకుతుంటాడు. దర్శకుడు ఫిల్ టక్కర్ దగ్గర రోబో వేషానికి డబ్బుల్లేవు. అయితే జార్జ్ బారోస్ అనే నటుడికి సొంత గొరిల్లా వేషం ఉంది. ఇంకేం, మెడ కింద గొరిల్లా, మెడ మీద బిందెలాంటి శిరస్త్రాణం. నాలుగు రోజుల్లో షూటింగ్ అయిపోయింది. వాడు మకాం పెట్టిన గుహలో ఒక మహాయంత్రం ఎప్పుడూ బుడగలు వదులుతుంటుంది. సబ్బు బుడగలే. సినిమా మొదట్లో పడే పేర్లలో ఆ బుడగల యంత్రానికీ చోటిచ్చారు. ఈ రోజుల్లో రాసినవాడి పేరే వెయ్యడం మానేస్తున్నారు, అది వేరే సంగతి. సంగీతం ఎల్మర్ బర్న్‌స్టీన్. మూడేళ్ళ తర్వాత ‘టెన్ కమాండ్‌మెంట్స్’కి సంగీతం ఇచ్చింది ఈయనే. బిందె గొరిల్లా కొండ ఎక్కుతుంటే, ప్రళయం వచ్చిందన్నంత శ్రద్ధగా వాయించాడు.

ఈ శాఖలో లోపాలు లేవని నేననను. జిప్పు లోపం కాదు. అసలు లోపం మాటలు. రాక్షసుడు తెరమీదికొస్తే ఖర్చు. ఇద్దరు నటులు బల్లకి అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకుంటే రెండు కప్పుల కాఫీ ఖర్చు. అందుకని రాక్షసుణ్ణి రేషన్ పంచదారలా కొలిచి పోస్తారు. మిగతా సినిమా అంతా ఒక శాస్త్రవేత్త, ఆయన కూతురు, ఆ కూతురి వెనకపడే మిలటరీ కుర్రాడు కలిసి అణుధార్మికత గురించి చర్చిస్తారు. శాస్త్రవేత్తకి తెల్లకోటు తప్ప వేరే అర్హతేమీ కనబడదు. ఊళ్ళో సగంమంది చచ్చాక కూడా పోలీసు అధికారి ‘జనాన్ని కంగారు పెట్టకండి, పరిస్థితి అదుపులోనే ఉంది’ అంటాడు. ఈ ఒక్క పాత్రని మాత్రం అచ్చం ఉన్నదున్నట్టు తీస్తారు.

1957లో వచ్చిన ‘ది జెయింట్ క్లా’లో విలన్ ఒక పక్షి. యుద్ధనౌకంత పక్షి అని పాత్రలు చెప్పిందే చెబుతాయి. పాపం, నటించేటప్పుడు వాళ్ళెవరూ ఆ పక్షిని చూడలేదు. ఆకాశం వైపు చూసి హడలిపొమ్మంటే హడలిపోయారు. నిర్మాత సామ్ కాట్జ్‌మన్ పక్షి బొమ్మని మెక్సికోలో చవగ్గా చేయించాడు. పొడుగాటి మెడ, మిడిగుడ్లు, నెత్తిన నాలుగు వెంట్రుకలు. ఈకలు పీకుతుంటే మధ్యలో తప్పించుకుని వచ్చిన కోడిలా ఉంటుంది. హీరో జెఫ్ మారో సొంతూళ్ళో సినిమా చూడ్డానికి వెళ్ళాడు. పక్షి వచ్చినప్పుడల్లా హాలు గొల్లుమంది. ఎవరైనా గుర్తుపడతారేమోనని మధ్యలోనే జారుకున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. నేను ఆ సినిమా మళ్ళీ మళ్ళీ పెట్టేది ఆయన కోసమే. ఎదురుగా ఏమీ లేదు, అయినా ఆ మొహంలో భయం చూడండి. కోట్లు తీసుకునే మన హీరోలకి గ్రీన్ మ్యాట్ ముందు అందులో పావు వంతు రాదు.

రోజర్ కోర్మన్ సంగతి ఇంకా ముచ్చటైనది. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ చదివినవాడు. 1956లో శుక్రగ్రహం నుంచి వచ్చే జీవి మీద సినిమా తీస్తూ, అక్కడ గురుత్వాకర్షణ ఎక్కువ కాబట్టి జీవి పొట్టిగా, నేలబారుగా ఉండాలని లెక్క తేల్చాడు. (అక్కడ నిజానికి మనకన్నా కాస్త తక్కువే. పోనివ్వండి.) చివరికి పీట మీద కూర్చోబెట్టిన పెద్ద వంకాయకి ఎండ్రకాయ చేతులు తగిలించినట్టు తయారైంది. హీరోయిన్ బెవర్లీ గార్లండ్ దాన్ని పైనుంచి కిందికి చూసి, ప్రపంచాన్ని జయించేది నువ్వేనా అన్నట్టు ఒక్క తన్ను తన్నింది. కోర్మన్ వెంటనే దాని ఎత్తు పెంచమన్నాడు. రాక్షసుడు హీరోయిన్ కన్నా పొడుగ్గా ఉండాలన్న సూత్రం అలా పుట్టింది.

1975లో వచ్చిన ‘జాస్’ తీసేటప్పుడు యంత్రపు సొరచేప ఉప్పునీళ్ళలో మొరాయిస్తే, స్పీల్‌బర్గ్ దాన్ని దాచి భయపెట్టాడు. మావాళ్ళైతే మొరాయించిన దాన్నే ఒడ్డుకి ఈడ్చి క్లోజప్ తీసేవాళ్ళు. డబ్బు పెట్టి చేయించాక చూపించకపోవడం ఏమిటి?

ఇప్పుడు నా కోపం ఎవరిమీదో చెబుతాను. 2013లో టీవీలో ‘షార్క్‌నేడో’ వచ్చింది. సుడిగాలి సముద్రంలోంచి సొరచేపల్ని ఎత్తుకొచ్చి ఊరిమీద కురిపిస్తుంది. 2018కల్లా ఆరు భాగాలు తీశారు. ఆరూ చూశాను, అది నా ఖర్మ. వీటితో నా పేచీ ఏమిటంటే, ఇవి కన్ను కొడతాయి. ‘ఎంత చెత్తగా తీశామో చూశారా’ అని మనకన్నా ముందే నవ్వేస్తాయి. దసరా పులివేషగాడు డప్పుకి గంతులేస్తూ మధ్యలో ఆగి, తోక పట్టుకుని ‘ఇది ఉత్త గుడ్డేనండీ’ అంటే వాడికి రూపాయి ఎవరిస్తారు?

మనవైపు ఈ మర్యాద తెలిసినవాడు విఠలాచార్య. పేచీ పెట్టిన నటుణ్ణి మాంత్రికుడి శాపంతో చిలకనో మేకనో చేసేసి మిగతా సినిమా లాగించేవాడని చెప్పుకుంటారు. మేక కాల్షీట్ల గురించి బేరమాడదు. కానీ ఆ మేక మెడ పట్టుకుని హీరోయిన్ ఏడుస్తుంటే ఆయన కన్ను కొట్టలేదు. హాల్లో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. కాళ్ళు పొయ్యిలో పెట్టి వంట చేసుకునే దెయ్యాన్ని చూసి, గ్యాసు బండ ఖర్చు కలిసొస్తుందని నవ్వుకోవడం మనం పెద్దయ్యాక నేర్చుకున్న దుర్బుద్ధి.

మొన్నోరోజు రాత్రి నేను పట్టుబడ్డాను. వెనక అమ్మమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలీదు. ఇరానీ సినిమాకి మార్చబోతే చెయ్యి పట్టుకుంది.

“ఉండరా. ఆ బిందెలో వాడికి ఉక్కపొయ్యదూ?”

“అది రోబో అమ్మమ్మా.”

“రోబోకి ఒంటినిండా ఆ బొచ్చేమిట్రా?” అంటూ సోఫాలో కూలబడింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బుడగల యంత్రాన్ని చూసి, “సబ్బునీళ్ళు అయిపోతే ఏం చేస్తాడో” అంది. రోబో ఆ అమ్మాయిని చంపలేక గుహ ముందు చేతులాడిస్తూ గింజుకుంటుంటే మాత్రం నవ్వలేదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“వాడికి ఆ పిల్లంటే మనసురా” అంది. “చెప్పుకోడానికి మొహం లేదు, అంతే.”

మర్నాడు రాత్రి పదకొండున్నరకి నా గది తలుపు తట్టి, బిందె వాడిది ఇంకోటి లేదా అని అడిగింది.