విలేకరి నోట్‌బుక్‌కు సమన్లా?

రోజుకు 800 డాలర్లు. వార్తకు సమాచారమిచ్చిన వ్యక్తి, అంటే సోర్స్ పేరు చెప్పేదాకా కడుతూ పోవాల్సిందే. 2024 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు కేథరిన్ హెరిడ్జ్ అనే సీనియర్ జర్నలిస్టుకు కోర్టు ధిక్కారం కింద విధించిన జరిమానా ఇది. ఈ జరిమానా పడ్డ దావాలో ఆమె వాదీ కాదు, ప్రతివాదీ కాదు. 2017లో ఫాక్స్ న్యూస్‌లో ఉండగా, ఒక శాస్త్రవేత్తపై ఎఫ్‌బీఐ జరిపిన దర్యాప్తు వివరాలను ఆమె బయటపెట్టారు. ఆ శాస్త్రవేత్తపై చివరికి ఏ అభియోగమూ మోపలేదు. తన వివరాలు సర్కారీ ఫైళ్లలోంచి ఎలా పొక్కాయో తేల్చాలంటూ ఆ శాస్త్రవేత్త ప్రభుత్వం మీద దావా వేశారు. లీకు వీరుడెవరో ప్రభుత్వం నుంచి తేలలేదు. దాంతో అందరి చూపూ జర్నలిస్టు మీద పడింది. అప్పీలు తేలేవరకు జరిమానాను ఆపారు గానీ, 2025లో అప్పీలు కోర్టు కూడా ధిక్కార ఉత్తర్వునే సమర్థించింది.

ఈ తీర్పుతో మేము ఏకీభవించలేం. నేర విచారణ వేరు, సివిల్ దావా వేరు. 1972లో బ్రాంజ్‌బర్గ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో సోర్స్ పేరు దాచే ప్రత్యేక హక్కు జర్నలిస్టులకు లేదన్నది గ్రాండ్ జ్యూరీల (నేరాభియోగం మోపాలో లేదో తేల్చే పౌరుల బృందాల) ముందు ఇచ్చే సాక్ష్యం గురించి. సివిల్ దావాలో నష్టపరిహారం కోసం ఇద్దరు పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటలో మూడో మనిషి నోరు బలవంతంగా తెరిపించాలంటే కారణం చాలా గట్టిదై ఉండాలి. వాషింగ్టన్ అప్పీలు కోర్టే 1981లో జెరిల్లి కేసులో ఈ మాట చెప్పింది. మామూలు సివిల్ కేసుల్లో జర్నలిస్టు హక్కుదే పైచేయి కావాలంది. అడుగుతున్న సమాచారం కేసుకు ప్రాణం లాంటిదై ఉండాలని, మిగతా దారులన్నీ వెతికాకే విలేకరి దగ్గరికి రావాలని షరతులు పెట్టింది.

షరతులు బాగానే ఉన్నాయి. అమలు దగ్గరే చిక్కు. కేసుకు ప్రాణం ఏదో, దారులన్నీ అయిపోయాయో లేదో జడ్జి తేల్చేది ఏళ్ల తర్వాత. సోర్స్ మాత్రం ఆ రోజే, ఫోన్ పెట్టేసేలోపే నిర్ణయించుకోవాలి. పేరు బయటికి రావచ్చు, రాకపోవచ్చు అంటే ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌లో ఉన్న ఏ చిరుద్యోగి పెదవి విప్పుతాడు?

టోనీ లోసీకి జరిగింది ఇంకా ఘోరం. 2001లో అమెరికాలో ప్రాణాంతక ఆంత్రాక్స్ బ్యాక్టీరియాను ఉత్తరాల్లో పెట్టి పంపిన దాడుల అనుమానితుడిగా స్టీవెన్ హాట్‌ఫిల్ పేరు నలిగినప్పుడు, యూఎస్ఏ టుడే తరఫున ఆమె వార్తలు రాశారు. తన వివరాలు లీకు చేశారంటూ హాట్‌ఫిల్ ప్రభుత్వం మీద దావా వేశారు. ఆయన గురించి చెప్పింది ఫలానావారని తనకు గుర్తులేదని లోసీ కోర్టుకు చెప్పారు. అలాగైతే ఆంత్రాక్స్ వార్తలకు సమాచారమిచ్చిన వాళ్లందరి పేర్లూ చెప్పమన్నారు! 2008 మార్చిలో రోజుకు 500 డాలర్లతో మొదలుపెట్టి 5,000 దాకా పెరిగే జరిమానా వేశారు. అదీ సొంత జేబులోంచే కట్టాలి, పాత యాజమాన్యం సాయం చేయకూడదు. అప్పీలు కోర్టు స్టే ఇవ్వబట్టి ఆమె గట్టెక్కారు. ఆ జూన్‌లోనే ప్రభుత్వం హాట్‌ఫిల్‌కు మొత్తం 58 లక్షల డాలర్ల దాకా ఇచ్చి రాజీ చేసుకుంది. లోసీ ఒక్క పేరూ చెప్పకుండానే కేసు ముగిసింది.

వాదుల బాధ మాకు తెలియంది కాదు. లాస్ అలమోస్ అణ్వాయుధ ప్రయోగశాల శాస్త్రవేత్త వెన్ హో లీ, అణు రహస్యాల కేసులో 278 రోజులు ఒంటరి నిర్బంధంలో గడిపారు. 59 అభియోగాల్లో చివరికి మిగిలింది ఒక్కటే. విడుదల చేస్తూ జడ్జి స్వయంగా క్షమాపణ చెప్పారు. అలాంటి మనిషి తన పేరు పత్రికలకెక్కించిందెవరని అడిగితే తప్పు పట్టలేం. ఆయన పరువు తీసిన లీకులను పత్రికలు ఇంకాస్త అనుమానంతో చూసి ఉండాల్సింది. ఆ తప్పు మా వృత్తిదే, ఒప్పుకుంటున్నాం. కానీ లీకు చేసినవాళ్లు ప్రభుత్వ కొలువులోనే ఉన్నారు. ఫైలు ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో ప్రభుత్వానికి తెలియాలి. లీకులపై ఆయన ప్రభుత్వం మీద వేసిన దావా 2006లో రాజీ అయినప్పుడు ప్రభుత్వం 8,95,000 డాలర్లు ఇస్తే, ఆ దావాలో ప్రతివాదులు కాని ఐదు మీడియా సంస్థలు 7,50,000 డాలర్లు ఇచ్చుకున్నాయి, సోర్సుల పేర్లు చెప్పాల్సిన అవసరం తప్పించుకోవడానికి.

నోట్‌బుక్ తెమ్మనడమంటే ఏమిటో న్యాయవాదులకు తెలియదేమో. మా విలేకరి పుస్తకంలో ఒకే పేజీ పై సగంలో ఒక వార్త, కింది సగంలో మరో వార్త ఉంటాయి. పొడి అక్షరాల్లో పేర్లు, అంచున నిలువుగా రాసుకున్న ఫోన్ నంబరు, 'ఇది రాయొద్దు' అని పక్కన గీత, నిజం కాదని తేలి కొట్టేసిన వాక్యం. ఒక దావా కోసం ఆ పేజీ ఇస్తే, సంబంధం లేని మరో నలుగురు బయటపడతారు. కొట్టేసిన వాక్యం కోర్టులో ఆధారమై కూర్చుంటుంది.

రహస్యం లేని సామగ్రి సంగతి వేరే. 1999లో గొంజాలెజ్ కేసులో, లూసియానాలో ఒక పోలీసు అధికారి కారు ఆపిన దృశ్యాల ప్రసారం కాని టేపును ఇమ్మని ఎన్‌బీసీని కోర్టు ఆదేశించింది. హక్కు దీనికీ ఉంటుంది, కాకపోతే అంత బలంగా కాదంది. ఆ టేపు మరెక్కడా దొరకదు కాబట్టి ఆ ఆదేశం మాకు సబబుగానే కనిపిస్తుంది. పత్రికే పరువు నష్టం దావాలో ప్రతివాదైతే అప్పుడూ లెక్క మారుతుంది. వార్త వేసేటప్పుడు మీ మనసులో ఏముందని అడిగే హక్కు వాదికి ఉందని 1979లో హెర్బర్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేము వేసిన వార్తకు మేమే జవాబుదారీ. సోర్స్ చాటున దాక్కుని కేసు గెలవాలనుకోవడం కూడా న్యాయం కాదు.

మేరీలాండ్ 1896లోనే విలేకరులకు రక్షణ చట్టం చేసింది. నేడు దాదాపు అన్ని రాష్ట్రాల్లో చట్టమో, కోర్టు తీర్పో ఏదో ఒక రక్షణ ఉంది. ఫెడరల్ చట్టం కింద వేసిన దావాలో మాత్రం ఆ రాష్ట్ర చట్టాలు అక్కరకు రావు. హెరిడ్జ్, లోసీ ఇరుక్కున్నది అక్కడే. ఈ ఖాళీని పూడ్చే ప్రెస్ యాక్ట్‌ను ప్రతినిధుల సభ 2024 జనవరిలో మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఉగ్రదాడినో, ముంచుకొస్తున్న హింసనో ఆపాల్సి వస్తే తప్ప పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని అందులో ఉంది. ఆ బిల్లు సెనేట్ గడప దాటలేదు. దాన్ని మళ్లీ తెచ్చి చట్టం చేయాలి. అంతవరకు జడ్జీలైనా సమన్ల మీద సంతకం పెట్టేముందు, ఏయే అధికారులను ప్రమాణం చేయించి ప్రశ్నించారో, వాళ్లేం జవాబిచ్చారో రాతపూర్వకంగా ఇవ్వమని వాదిని అడగాలి. ఆ జాబితాలో ఒక్క అధికారి మిగిలినా, విలేకరి తలుపు తట్టకూడదు.