మహారాజశ్రీ కావడి గారికి

మహారాజశ్రీ కావడి గారి సముఖమునకు పాత పాటల శ్రోత ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

1953లో ‘దేవదాసు’ విడుదలైన నాటి నుంచి, చెంబెడు నీళ్ళయినా మోయనివారి దుఃఖాన్నంతా తమరే మోస్తున్నారు. సముద్రాల రాఘవాచార్య గారి ‘జగమే మాయ’ను ఘంటసాల గారు పాడగా, కలిమిలేములూ కష్టసుఖాలూ కావడి కుండలేనని, తరచి చూస్తే కొయ్యా మన్నూ తప్ప మరేమీ లేదని మాకు తెలిసింది. ఇక వ్యాఖ్యాతలకు పండుగే. ఉద్యోగం వెతకనివాడు, పరీక్షకు కూర్చోనివాడు, ఏళ్ళ తరబడి గడ్డం తప్ప మరేమీ పెంచనివాడు, ప్రతివాడూ ఆ చరణంలో తన వేదాంతాన్ని చూసుకుని, ఇది అద్వైతమని, లోకులకు అర్థం కాదని సెలవిస్తున్నాడు. (ఆ మత్తు కళ్ళ కోసం అక్కినేని గారు పెరుగన్నం తిని, నిద్ర ఆపుకుని రాత్రిళ్ళు పనిచేశారట, అనుకరించేవారు ఆ భాగాన్ని వదిలేశారు.)

మట్టి దృష్టాంతం మంచిదే. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడనే ఋషి చెప్పినదే: మట్టిని తెలుసుకుంటే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టేనని. అయితే పన్నెండేళ్ళు చదివి గర్వంతో ఇల్లు చేరిన కొడుకు శ్వేతకేతువుకు, నేర్చుకోవలసింది ఇంకా ఉందని తెలియజెప్పడానికి ఆయన దాన్ని ఎత్తుకున్నాడు. మా దేవదాసు మాత్రం ఇక చేయవలసిందేమీ లేదనడానికి, తాగిన మైకంలో ఎత్తుకున్నాడు. రచయిత గడుసుతనమంతా ఆ తేడాలోనే ఉంది. బాధనే సుఖమనుకొమ్మన్న ఆ పాట ఉపదేశాన్ని రోగలక్షణంగా కాక మందుచీటీగా చదువుకునేవారికి ఒక్క సంగతి గుర్తు రాదు: జగమంతా మాయ అన్న ఆ పెద్దమనిషే, ఊపిరి పోతున్న వేళ బండి కట్టించుకుని మరీ పార్వతి ఇంటి గుమ్మం ముందుకు వెళ్ళి పడ్డాడు. జగం మాయే గానీ, ఆ గుమ్మం కాదన్నమాట.

నిజంగా తమరిని భుజాన వేసుకున్నవాడి తీరు వేరు. రెండు కుండలూ సమంగా నింపి, బద్ద ఊగే లయకు అడుగు కలిపి, ఒక భుజం నొప్పెడితే నడుస్తూనే రెండో భుజానికి మార్చుకుంటాడు. వ్యాఖ్యానాలలో మాత్రం తమరు గోడకు ఆని ఉంటారు, కుండలు ఖాళీగా ఉంటాయి.

కావున మనవి. ఇకమీదట ఎవరైనా మంచం దిగకుండా ఆ చరణానికి అర్థం చెప్పబోతే, తమరు నిండు కుండలతో సహా వారి భుజమెక్కవలసినది. ఏ భుజమన్న సందేహం వద్దు. కుడి ఎడమైతే పొరపాటు లేదని అదే సినిమాలో మరో పాట ఉండనే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు